జీతం పుచ్చుకున్నవాళ్ళ దుఃఖం

విక్టోరియా రాణి 1901 జనవరిలో పోయాక, శవపేటిక మూసేముందు చివరిసారి ఒంటరిగా చూసుకోడానికి ఆమె మున్షీ అబ్దుల్ కరీంని లోపలికి రానిచ్చాడు కొడుకు ఎడ్వర్డ్. ఆ తర్వాత కొద్దిరోజులకే అతని ఇంటికి మనుషుల్ని పంపి, తల్లి రాసిన ఉత్తరాలన్నీ బయటికి తీయించి తగలబెట్టించాడు. మనిషిని ఆగ్రాకి పంపేశారు. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేశాడన్నది నన్ను వదలదు.

కరీం 1887లో వచ్చాడు. అతనికి ఇరవైనాలుగేళ్ళు, రాణికి అరవై ఎనిమిది. భర్త పోయి పాతికేళ్ళు దాటింది. బల్ల దగ్గర వడ్డించడానికి వచ్చినవాడు ఏడాది చిల్లరలో ఆమెకి హిందుస్తానీ నేర్పే పంతులయ్యాడు. ఆ వయసులో ఆవిడ కూచుని ఉర్దూ అక్షరాలు దిద్దుకుంది. ఆ నోటుపుస్తకాలు మిగిలాయి. 1897లో ఫ్రాన్స్‌కి అతన్ని వెంట తీసుకెళ్తే మేం రాజీనామా చేస్తామని పరివారం బెదిరించినా ఆమె వినలేదు.

అతనేం అమాయకుడు కాదు. తండ్రి హోదా గురించి గొప్పలు పోయాడు, బిరుదులు కోరాడు, ఆగ్రాలో భూమి సంపాదించాడు. పైగా ఆవిడ మనదేశానికి చక్రవర్తిని. కాదనడానికి వీల్లేని చోట స్నేహమేమిటని అడగొచ్చు. అడగాలి కూడా. కానీ లాభం పొందాడు గనక ప్రేమ లేదనడం నాకు కుదరదు. కొడుక్కి ఏకంగా రాజ్యమే వచ్చింది. అతని దుఃఖాన్ని ఎవరూ లెక్కలు కట్టి చూడలేదే!

ఇదంతా చదువుతున్నప్పుడు మా పెద్దమ్మే గుర్తొచ్చింది. పెదనాన్న పోయాక పంతొమ్మిదేళ్ళు ఆవిణ్ణి ఒకామె కనిపెట్టుకుని ఉంది. మందులు, స్నానం, రాత్రిపూట లేపి బాత్రూముకి తీసుకెళ్ళడం, పేపరు చదివి వినిపించడం, అన్నీ ఆమే. పేపరులో చావు కబుర్లు మాత్రం దాటేసేదిట. నెల జీతం పుచ్చుకునేది, అప్పుడప్పుడూ అప్పూ అడిగేది. పెద్దమ్మ విసుక్కునేది, ఇచ్చేది. వాళ్ళిద్దరూ పోట్లాడుకోని రోజు నేను చూళ్ళేదు.

పన్నెండో రోజు భోజనాలయ్యాక ఆమె వెళ్ళిపోతుంటే, అమెరికా నుంచి వచ్చిన అన్నయ్య, "ఏమనుకోకు, సంచీ ఒకసారి చూపించు" అన్నాడు. ఆమె ఏమీ అనుకోనట్టే అరుగుమీద సంచీ బోర్లించింది. రెండు పాత చీరలు, కొబ్బరినూనె సీసా, పెద్దమ్మ కళ్ళజోడు.

నేను గుమ్మంలోనే ఉన్నాను. పంతొమ్మిదేళ్ళలో పండక్కి తప్ప ఆ ఇంటికి రానివాణ్ణి, ఆ పూట కూడా నోరు విప్పలేదు. అన్నయ్య చెడ్డవాడేం కాదు. ఆమెకి రెండు నెలల జీతం ఎక్కువే ఇచ్చాడు.

"ఇది ఉంచుకోనా బాబూ? అద్దం ఒకటి పగిలిపోయిందిలెండి" అంది ఆమె, కళ్ళజోడు చేతిలో పట్టుకుని, నావైపు చూసి.