మాట రాని బిడ్డ - మన బాధ్యత



మదీనాలో మతిస్థిమితం సరిగా లేని ఒక స్త్రీ ఉండేది. ఒకరోజు ఆమె మహాప్రవక్త (సఅసం) వద్దకు వచ్చి, మీతో పని ఉందని చెప్పింది. ఏ వీధిలో నిలబడమంటే ఆ వీధిలోనే నిలబడి నీ పని చూస్తానని ఆయన (సఅసం) అన్నారు. అలాగే వెళ్ళి, ఆమె మాటలు పూర్తయ్యే వరకు ఓపికగా విన్నారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. మరి మన వీధిలోని ఇలాంటి బిడ్డ కోసం మనం ఎంతసేపు నిలబడుతున్నాం?

పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడడు. కళ్ళలోకి చూడడు. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి పలకడు. ఒకే ఆట గంటల తరబడి ఆడతాడు. ఇలాంటి లక్షణాలుంటే ఆటిజం ఉందేమో చూపించుకోవాలి. ఇది మెదడు ఎదుగుదలలో వచ్చే తేడా. తల్లి పెంపకంలోని లోపం కాదు, టీకాల వల్ల వచ్చేదీ కాదు. అయినా గాలి సోకిందంటూ ఆమిల్‌ల చుట్టూ తిరిగి, శిక్షణ బాగా పనిచేసే పసితనాన్ని ఎందరో పోగొట్టుకుంటున్నారు. దుఆ చేయాలి, తప్పకుండా చేయాలి. అయితే ఒంటెను కట్టి మరీ అల్లాహ్‌పై భారం వేయమని బోధించిన ప్రవక్త (సఅసం), చికిత్స చేయించుకోమని కూడా ఆదేశించారు. తావీజు కట్టి ఇంట్లో కూర్చోవడం తవక్కుల్ కాదు.

ఎక్కడికి వెళ్ళాలి? శ్రీకాకుళం జిల్లా భావనపాడు వంటి తీర గ్రామంలోని తల్లికి స్పీచ్ థెరపీ అంటే పట్నం మాట. టెక్కలికో, శ్రీకాకుళానికో వెళ్తే ఆ రోజు కూలి పోయినట్లే. కాని మొదటి తలుపు ఊళ్ళోనే ఉంది. అంగన్‌వాడీ కార్యకర్తకు, ఆశా కార్యకర్తకు చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలను పరీక్షించి, అవసరమైతే డీఈఐసీ అనే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు.

తర్వాత వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు తీసుకోండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య ఆ బిడ్డ హక్కు. మండలాల్లోని భవిత కేంద్రాలు ఇలాంటి పిల్లల కోసమే. మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలైంది. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు, అందులో థెరపీ ఖర్చులు కూడా వస్తాయి. వీటిని అడగడం యాచన కాదు, సిగ్గుపడవలసిన పని అంతకన్నా కాదు.

ఇంట్లో చేయవలసిందీ ఉంది. వుజూను చిన్న చిన్న భాగాలుగా విడదీసి, బొమ్మలు చూపిస్తూ, రోజూ అదే క్రమంలో నేర్పండి. మారని క్రమం ఈ పిల్లలకు ధైర్యమిస్తుంది. మరో ముఖ్య విషయం: ఆటిజం ఉన్న పిల్లలు చెప్పకుండా ఇల్లు దాటిపోవడం, నీటి వైపు ఆకర్షితులవడం తరచుగా జరుగుతుంది. సముద్రం పక్కనే ఉన్న ఊళ్ళో ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. బిడ్డ చొక్కాకు ఫోన్ నంబరు కుట్టండి. ఇరుగుపొరుగుకు, ఒడ్డున వలలు బాగుచేసుకునే వారికి బిడ్డను చూపించి చెప్పి ఉంచండి. దాచిపెట్టిన బిడ్డను ఎవరూ కాపాడలేరు.

ఇక జమాఅత్ బాధ్యత. పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి బాధ తలచి ప్రవక్త (సఅసం) నమాజును క్లుప్తం చేసేవారు. మనమో, మస్జిదులో చెవులు మూసుకుని కేక పెట్టిన పిల్లవాడి తండ్రిని కసురుకుంటాం. ఆ తండ్రి మరుసటి జుమాకు రావడం మానేస్తే అల్లాహ్‌కు ఏం జవాబు చెబుతాం? అతనికి తలుపు దగ్గర కాస్త చోటివ్వండి. థెరపీకి వెళ్ళే రోజు చార్జీలు ఇవ్వండి. ఆ కుటుంబం అర్హమైనదైతే జకాత్ నుంచే ఇవ్వవచ్చు. ఆ తల్లి మిగతా పిల్లలను ఒక పూట చూసుకోవడం కూడా సదఖాయే.

ఆ బిడ్డను అల్లాహ్ ఒక్క తల్లి ఒళ్ళో పెట్టాడు, కాని పరీక్ష మనందరిది. ఈ పరీక్షలో నెగ్గే సద్బుద్ధిని, ఆ తల్లిదండ్రులకు సహనాన్ని, ఆ బిడ్డలకు క్షేమాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.