పెరిగిన ధర ఎవరి కాయకము?

హైదరాబాదు నగరమున చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజారు వంటి పాత పేటలలో ఇండ్లు గల కుటుంబములు ఈ పత్రిక చదువువారిలో కొన్నియైన ఉండును. ఆ ఇండ్లను గూర్చియే ఈ నాలుగు మాటలు.

పేట ముసలిదగుట ఒక్కనాటి పని కాదు. తండ్రి కట్టించిన ఇంటికి నలుగురు వారసులు. కప్పు కారునాడు బాగుచేయించవలసినవాడెవడో తేలదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము క్రింద అద్దె పెంచుటయు, ఇల్లు ఖాళీ చేయించుటయు సులభము కాకపోవుటచే, గోడకు సున్నము వేయించుటయే దండుగయని యజమాని తలచెను. సందులో కారు తిరుగదు. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప కొత్త ఉద్యోగములు పడమటి దిక్కున వెలసినవి. పిల్లలు అటు పోయిరి. పెద్దలు కొంతకాలము తాళపుచెవులు కాపాడుకొని, తుదకు వారును పోయిరి.

ఆ గదులు ఖాళీగా ఉండలేదు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమును నమ్ముకొని, పోటీపరీక్షలకు చదువు యువకులు జిల్లాల నుండి వచ్చి, ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురు చొప్పున చేరిరి. వారి వెనుక మెస్సులు, జిరాక్సు దుకాణములు, పాత పుస్తకముల అంగళ్లు వచ్చినవి. మనము విడిచిన ఇంట దీపము పెట్టినవారు వీరే.

ఇంతలో శివారు స్థలముల ధర పెరిగి, ఊరి నడిమి పాత స్థలమే చౌక యనిపించు కాలము వచ్చినది. శిథిలమైన కట్టడము క్రింద విలువైన నేల ఉన్నదని బిల్డరు కనిపెట్టెను. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషను నుండి మహాత్మా గాంధీ బస్ స్టేషను వరకు మెట్రో రైలు ఈ పేటల మీదుగా నడచినది. ఫ్లాట్లు లేచుచున్నవి, కొనువారు వచ్చుచున్నారు. వచ్చువారిని నిందింపరాదు. 1956కు పూర్వము బీదరు, గుల్బర్గాలు ఈ నగరము రాజధానిగా గల రాజ్యములోనివే గదా! మనలో కొందరి తాతలును అట్లు వచ్చినవారే.

నా సందేహము అమ్మువానిని గూర్చినది. ఇరువదేండ్లు ఇంటివైపు తిరిగి చూడనివానికి ధర పలురెట్లయినది. ఇందు వాని కాయకమెంత? పన్ను కట్టితిమి, స్వల్పమైన అద్దెకు ఓర్చితిమి అందురు. ఆ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. చట్టమును వారి పక్షముననే ఉన్నది. కాని చట్టము ఒప్పిన సొమ్మంతయు కాయకము వలన వచ్చిన సొమ్మగునా?

కల్యాణమున ఆయ్దక్కి మారయ్య శరణుడు బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యము ఏరి తెచ్చుటయే కాయకముగా జీవించెను. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ ఆ మిగులును తిరిగి అక్కడనే పోసి రమ్మని పంపెను. గింజలు దొంగసొత్తు కావు, ఎవరును అడ్డగించలేదు. అయినను ఆమె ఇంట ఉంచుకొనలేదు. ఈ కథను మనము పురాణకాలక్షేపముగా విని తలలూపుదుము. స్థలము అమ్మునాడు మాత్రము లక్కమ్మ మనకు జ్ఞప్తికి రాదు.

మెట్రో వలన, పొరుగువారి శ్రమ వలన, ఆ పేటను జీవముతో నిలిపిన అద్దెవారి వలన పెరిగిన ధర అట్టి మిగులే యని నా అభిప్రాయము. అమ్మవద్దని నేననను. పరీక్ష ముగియువరకు పిల్లలకు గడువిచ్చుట, అడ్వాన్సు కోత లేక తిరిగి ఇచ్చుట మొదట చేయదగినవి. బిల్డరుతో ఒప్పందమున యజమాని వాటాకు వచ్చు ఫ్లాట్లలో ఒకదానిని విద్యార్థులకు తక్కువ అద్దెకిచ్చిన అది దాసోహమగును. నగరములలో పాత కట్టడములున్న మఠములు వాణిజ్య సముదాయమునకు నక్షా గీయించుటకు ముందు, పై అంతస్తులో పది మంచములకైన చోటు విడువవచ్చును.