రుజువు చూపించక్కర్లేదు

చిట్టితల్లికి,



పొద్దున్న ముగ్గేసిన చెయ్యి సాయంత్రం జడ కూడా వేసుకోలేకపోతుంటే ఎవరు నమ్ముతారని రాశావు. నమ్మించడానికి పొయ్యి దగ్గర ఇంకో గంట నిలబడుతున్నావట. అది మానెయ్యమ్మా. ఈ జబ్బుతోనే తల నెరిసినదాన్ని గనక గట్టిగా చెబుతున్నాను.

మయస్థీనియా గ్రావిస్ తీరే అంత. నరం పంపిన కబురును కండరం అందుకునే చోట్లను, మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దెబ్బతీస్తుంది. వాడేకొద్దీ కండరం సోలిపోతుంది, కాసేపు ఆగితే తేరుకుంటుంది. అందుకే పొద్దువాలేసరికి రెప్పలు వాలతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, అన్నం నమలడమే పెద్ద పనవుతుంది. మనసు దిటవు చేసుకుంటే పోయే నీరసం కాదిది. 1934లో లండన్‌లోని గ్రీనిచ్‌లో మేరీ వాకర్ అనే డాక్టరమ్మ ఈ రోగుల్ని చూసి, క్యురారే విషం ఎక్కినవాళ్లలా ఉన్నారే అనుకుంది. ఒక రోగికి ఆ విషానికి విరుగుడైన ఫైసోస్టిగ్మిన్ ఇంజెక్షన్ చేసింది. వాలిన రెప్ప లేచింది. ఆ రోగికి పట్టుదల లేక రెప్ప వాలిందని ఇక ఎవరనగలరు? నువ్వు వేసుకునే పిరిడోస్టిగ్మిన్ ఆ జాతి మందే. మూడు నాలుగు గంటలకి దాని బలం తగ్గుతుంది. మళ్లీ పడిపోతే అది నీ తప్పెలా అవుతుంది? అమితాబ్ బచ్చన్‌కీ 1980లలో ఈ జబ్బే వచ్చింది. ఆయన్ని బద్ధకస్తుడంటామా? కోడలి దగ్గరకొచ్చేసరికే ఆ మాట నోటికొస్తుంది. అది నాకు చాలా బాధ.

ఒంట్లో సత్తువ ఉండగానే ఆగడం నేర్చుకో. కూరలు కూర్చుని తరుగు. వేడికి నీరసం ఎక్కువవుతుంది, రోహిణి ఎండల్లో పెళ్లిళ్లకు వెళ్లకపోతే బంధుత్వాలు తెగిపోవు.

మొహమాటం బొత్తిగా పనికిరానిది మందుల దగ్గర. జ్వరమొస్తే మందుల షాపులో అడిగి మాత్ర తెచ్చుకునే అలవాటు మనకుంది. అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, జెంటామైసిన్ లాంటివి మన నీరసాన్ని ప్రమాదకరంగా పెంచగలవు. పంటి డాక్టరైనా సరే, ముందు జబ్బు పేరు చెప్పు. ఆ మందుల పేర్లు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకో. స్టెరాయిడ్ ఇస్తే నీ అంతట నువ్వు ఆపకు. మింగుడుపడకపోయినా, ఊపిరి అందకపోయినా ఇంట్లోవాళ్ల నిద్ర చెడుతుందని తెల్లారేదాకా చూడకు. అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి. ఆ స్థితి ప్రాణాల మీదికి తెస్తుంది.

ఈ ఉత్తరం మీ అత్తగారికి చదివి వినిపించు. ఆవిడ చెడ్డమనిషి కాదు, పైకి కనపడని జబ్బుని ఇంతకుముందు ఎరగదు. సాయంత్రం వంట ఎవరు చెయ్యాలో కూర్చుని మాట్లాడుకోండి. అల్లుణ్ణి కూడా కూర్చోబెట్టు. హాస్టల్లో ఉన్నన్నాళ్లూ తన వంట తనే చేసుకున్నాడని వాళ్లమ్మే నాతో చెప్పింది.

మీ పెద్దమ్మ