రాలిన కాయకో పళ్లెం

ఎండలు ముదిరే వేళ ఈదురుగాలి వీచిందంటే నూజివీడు మామిడి తోటల్లో పచ్చికాయలు రాలిపోతాయి. మండీలో వాటికి పెద్దగా ధర పలకదు. పప్పులోకైతే వాటిని మించినవి లేవు.

ఆ పప్పు అంగన్‌వాడీ పిల్లల పళ్లెంలోకీ రావాలి. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు కేంద్రంలోనే భోజనం పెడుతోంది. 2013 ఆహార భద్రత చట్టం దాన్ని హక్కు చేసింది: అప్పటి లెక్క ప్రకారం రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు. రుచి ఊసు ఆ లెక్కలో లేదు, అది వండే ఆయమ్మ చేతిలో ఉంది!

మామిడికాయలోని సి విటమిన్ కందిపప్పులోని, అందులో వేసే మునగాకులోని ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. అయితే ఎక్కువసేపు ఉడికితే ఆ విటమిన్ చాలావరకు పోతుంది. పులుపు ముందే పడితే పప్పూ ఉడకదు. అందుకని కాయ బాగా కడిగి, జీడి తీసేసి, పప్పు మెత్తబడ్డాకే ముక్కలు వేయాలి. కారం చిటికెడు చాలు.

పండ్ల రోజులొస్తే చిన్నరసాలు, పెద్దరసాలు. పీచు ఉంటుంది కనుక పసివాళ్లకు రసం పిండి, వడగట్టి పెరుగన్నంలో కలపొచ్చు. పండులోని బీటా కెరోటిన్ ఒంట్లో ఎ విటమిన్‌గా మారుతుంది, దానికి కాస్త కొవ్వు తోడుండాలి. కార్బైడుతో మగ్గేసిన పండు మాత్రం వద్దు, చట్టమూ దాన్ని నిషేధించింది.

తోట ఉన్న రైతన్నలూ, ఈ వారం గాలికి రాలిన కాయల్లో దెబ్బ తగలనివి ఏరి, మీ ఊరి టీచరమ్మకు ఓ బుట్టెడు పంపండి.