పక్కామె దగ్గరుంది

ఆవకాయ రోజులు వచ్చాయంటే మిరపకాయలమ్మే ప్రతివాళ్ల నోటా ఒకటే పాట: "రంగు చూడండమ్మా! బజారంతా తిరిగినా ఇలాంటి సరుకు దొరకదు!" పదిమందీ అదే అంటూంటే ఎవరి మాటా చెవికెక్కదు. మరి ఆ పదిమందిలో మనల్ని తనవైపు తిప్పుకోవడం ఎలా? గొంతు పెంచాలా? పక్కవాళ్ల సరుకు పుచ్చని చెప్పాలా?

ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో ఒకావిడ ఈ రెండూ చెయ్యలేదు. "ఇది తేజ రకమమ్మా. మంట ఎక్కువ, రంగు తక్కువ. పచ్చడి ఎర్రగ ఉండాల్నంటే చపాట తీస్కో. పక్కామె దగ్గరుంది" అంది.

అక్షరాలా నిజం. ఖమ్మం మార్కెట్టుకి పేరు తెచ్చిన తేజ, కారానికే ప్రసిద్ధి. చైనా దాకా ఎగుమతి అవుతుంది. వరంగల్ చపాటది వేరే స్వభావం. బొద్దుగా, ఎర్రగా ఉంటుంది, మంట తక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

నాకొచ్చిన చిక్కల్లా ఒకటే. నిజం చెబితే గిరాకీ పెరుగుతుందని లెక్కవేసుకుని చెప్పిన నిజం, నిజాయితీ అవుతుందా? అమెరికాలో ఏవిస్ అనే అద్దెకార్ల కంపెనీ 1962లో, తాము రెండో స్థానంలోనే ఉన్నామనీ, అందుకే ఎక్కువ కష్టపడతామనీ ప్రకటనలిచ్చింది. అందరూ మేమే గొప్పంటూంటే ఈ మాట జనానికి నచ్చింది. నష్టాల్లో ఉన్న వ్యాపారం పుంజుకుంది. అబద్ధమేం కాదు. కానీ ఆ నిజం చెప్పి కంపెనీ పోగొట్టుకున్నదేముంది? మిరపకాయలావిడకి మాత్రం అక్కడికక్కడే రెండు కిలోల బేరం పోయింది. నా మట్టుకు నాకు తేడా అక్కడే కనిపిస్తుంది. ఆవిడకీ రేపటి గిరాకీ మీద ఆశ ఉందేమో! ఉంటే మాత్రం తప్పేమిటి? ఇల్లు గడవొద్దూ!

నవలే అయితే, మర్నాటికల్లా ఆవిడ కొట్టుముందు జనాన్ని బారులు తీర్చి నిలబెట్టేదాన్ని. రాసేవాళ్లకి అదో సుఖం. బజారులో అలా జరగాలంటే మనం గుర్తుపెట్టుకుని మళ్లీ ఆవిడ దగ్గరికే వెళ్లాలి. వెళ్తామా? నిజం చెప్పేవాళ్ల దగ్గర సంగతంతా తెలుసుకుని, కిలోకి పదిరూపాయలు తగ్గించేవాళ్ల దగ్గర కొనుక్కుని చక్కా రావడం మనకేం కొత్త కాదుగా!