ఆశ ఎవరి బాధ్యత?

వరంగల్, హనుమకొండల్లో చదువు పూర్తి చేసిన ఆడపిల్లను చుట్టుపక్కలవాళ్లు అడిగే ప్రశ్న కొన్నేళ్లకు మారిపోతుంది. మొదట్లో "కొలువొచ్చిందా బిడ్డా?" అంటారు. రెండేళ్లు గడిచాక "ఇంకా చదువుతనే ఉన్నవా?" అంటారు. ఆ తర్వాత ఆమెను అడగడం మానేసి తల్లిని అడుగుతారు, "సంబంధాలు చూస్తున్నరా?" అని. ఈ మూడో ప్రశ్న వచ్చేనాటికి ఆ అమ్మాయి ఉద్యోగ ప్రయత్నం ముగిసిందని ఆమె కంటే ముందు వాడకట్టు తేల్చేసింది. ఆమె నిజంగానే పుస్తకాలు కట్టగట్టి అటక మీద పెట్టిన రోజున, "చదివింది గానీ పట్టుదల లేదు" అని అదే వాడకట్టు తీర్పు కూడా చెబుతుంది.

ఈ తీర్పు న్యాయమైనదేనా? వెతికి వెతికి అలసిపోయిన మనిషికి ఆశ వదలకుండా ఉండటం ఒక నైతిక బాధ్యత అవుతుందా? వదిలేస్తే అది ఆమె స్వభావంలోని లోపమా? వ్యక్తిత్వ వికాస పుస్తకాలు అవుననే అంటాయి. కోచింగ్ సెంటర్ల హోర్డింగులూ అదే మాట చెబుతాయి. నేను కాదనుకుంటున్నాను. ఎందుకో చెప్పాలంటే, మన దగ్గర వెతుకులాట అంటే ఏమిటో ముందు చూడాలి.

తెలంగాణలో కొలువు అనే మాట వెనుక జీతం ఒక్కటే లేదు, చరిత్ర కూడా ఉంది. 1969 ఉద్యమం ముల్కీ నిబంధనల ఉల్లంఘన మీద రాజుకుంది. 1985లో వచ్చిన 610 జీవో అమలు కోసం ఏళ్ల తరబడి పోట్లాడారు. మలి దశ ఉద్యమానికి నీళ్లు, నిధులు, నియామకాలు అనే మూడు మాటలే ఊపిరి. ఆ ఉద్యమంలో ముందు నిలిచిన వాళ్లలో కాకతీయ విశ్వవిద్యాలయ విద్యార్థులున్నారు, అందులో ఆడపిల్లలూ ఉన్నారు. 2014లో రాష్ట్రం వచ్చింది. కొత్త రాష్ట్రంలో తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 503 పోస్టులతో 2022 ఏప్రిల్‌లో గానీ రాలేదు. ఆ అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాసినవాళ్లు సుమారు 2 లక్షల 86 వేల మంది. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు. బయోమెట్రిక్ హాజరు తీసుకోకపోవడం వంటి లోపాల వల్ల సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి మూడోసారి ప్రిలిమ్స్ పెట్టారు. గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో వస్తే, నాలుగుసార్లు వాయిదా పడి 2024 డిసెంబర్‌లో పరీక్ష జరిగింది. 2017 టీచర్ పోస్టుల నోటిఫికేషన్ తర్వాత మళ్లీ డీఎస్సీ పరీక్ష జరిగింది 2024 జూలైలోనే.

ఈ తేదీల మధ్య ఒక అంకె నన్ను వదలదు. 2023 జూన్‌లో రెండోసారి గ్రూప్-1 ప్రిలిమ్స్‌కు వచ్చినవాళ్లు సుమారు 2 లక్షల 33 వేల మంది. ఎనిమిది నెలల్లో యాభై వేలమందికి పైగా తగ్గిపోయారు. వాళ్లందరూ నిరాశతోనే మానేశారని అనలేం. కొందరికి వేరే కొలువు దొరికి ఉండొచ్చు. కానీ ఎంతమంది అద్దె గది ఖాళీ చేసి ఊరికి పోయారో, ఎంతమందికి ఈలోగా పెళ్లయిందో, ఎవరికి నెలలు నిండాయో అడిగినవాళ్లు లేరు. 2024లో ప్రభుత్వం ఉద్యోగాల గరిష్ఠ వయోపరిమితిని 44 నుంచి 46 ఏళ్లకు పెంచింది. మంచిదే. అయితే ఆ జీవో ఇళ్లల్లో అమ్మాయి పెళ్లికి పెట్టిన గడువును ఒక్క రోజు కూడా పెంచలేదు. పరీక్ష రెండేళ్లు వెనక్కి జరిగితే అబ్బాయికి రెండేళ్లు పోతాయి. అమ్మాయికి చాలాసార్లు ఆ ప్రయత్నమే పోతుంది.

పని పోయిన మనుషుల మీద వచ్చిన గొప్ప అధ్యయనాల్లో ఒకటి ఇక్కడ గుర్తొస్తుంది. ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గర్లోని మారియెంతాల్ అనే ఊరు ఒకే ఒక్క బట్టల మిల్లు మీద బతికేది. అది మూతపడ్డాక మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అక్కడి కుటుంబాలను దగ్గరగా గమనించి 1933లో పుస్తకం వేశారు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు 2002లో పూర్తిగా మూతపడటం చూసిన వరంగల్ వాళ్లకు ఆ ఊరి కథ పరాయిదిగా అనిపించదు. మారియెంతాల్‌లో చేతినిండా తీరిక ఉన్నా జనం గ్రంథాలయానికి పోవడం తగ్గించేశారు. నిరాశ మనసులో మాత్రమే ఉండదని, తీరికను కూడా తినేస్తుందని వాళ్లు చూపించారు.

నన్ను ఆకట్టుకున్నది అందులోని మరో చిన్న పరిశీలన. పరిశోధకులు కిటికీలోంచి చూస్తూ మనుషుల నడకను లెక్కపెట్టారు. మగవాళ్లు నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆగుతూ నడిచారు. ఆడవాళ్లు వేగంగా నడిచారు. మిల్లు పోయినా ఇంట్లో పొయ్యి, పిల్లలు, బట్టలు పోలేదు కదా. వాళ్లకు పని పోలేదు, జీతం మాత్రం పోయింది.

మన అమ్మాయిల వెతుకులాటను అర్థం చేసుకోవడానికి ఈ పరిశీలన చాలా అవసరం. కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. హాస్టల్‌లోనో, హనుమకొండలో నలుగురు కలిసి తీసుకున్న గదిలోనో ఉండి చదివే అమ్మాయి డబ్బు చాలక ఊరికి తిరిగివస్తే, "ఇంట్ల ఉండే చదువుకోరాదూ" అంటారు. ఇంట్లో ఉన్నాక ఆమె చదువుతున్నట్టు ఎవరికీ కనపడదు, ఖాళీగా ఉన్నట్టు కనపడుతుంది. వదిన కాన్పు, నాయనమ్మ ఆసుపత్రి, పత్తి ఏరడానికి వచ్చిన కూలీల వంట అన్నీ ఆ ఖాళీలోకే వస్తాయి. రాత్రి పదింటికి పుస్తకం తెరిచి కునికిపాట్లు పడితే దాన్ని పట్టుదల లేకపోవడం అంటామా?

ప్రైవేటు కొలువుల వెతుకులాట ఇంకో తీరు. ఎం.ఏ. అయ్యాక నేను కొన్నేళ్లు ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో పాఠాలు చెప్పాను. ఒక కాలేజీలో చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టేశారు. మానేస్తానన్నప్పుడు విద్యా సంవత్సరం అయ్యేదాకా ఇవ్వమన్నారు. చేతిలో సర్టిఫికెట్లు లేకుండా ఇంకో ఇంటర్వ్యూకి ఎలా పోవాలి? ఇంకోచోట మొదటి ప్రశ్న పెళ్లి గురించి, రెండోది పిల్లల గురించి. నేను చదివిన పేపర్ల గురించి ప్రశ్న రానేలేదు. ఆ రోజుల్లో నాకు కలిగిన నిస్పృహ నా ఊహల్లోంచి పుట్టింది కాదు. చుట్టూ ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటం వల్ల కలిగింది.

నా వాదన ఇక్కడే ఉంది. నిరాశ చాలాసార్లు ఒక జ్ఞానం. లోకం తనకు పదేపదే ఏం చెప్పిందో విని, గుర్తుపెట్టుకుని, ఒక మనిషి వచ్చిన నిర్ధారణ. దాన్ని బలహీనత అనడమంటే ఆమె అనుభవాన్ని అబద్ధమనడమే. తలుపు మూసిన వాళ్లను వదిలేసి, తట్టడం ఆపిన చేతిని తప్పుపట్టడమే.

గణాంకాల్లో ఈ అన్యాయానికి అంకెలు కూడా ఉన్నాయి. శ్రామిక శక్తి సర్వేలో విద్యార్థికి కోడ్ 91. పని వెతుకుతున్న, లేదా పనికి సిద్ధంగా ఉన్న నిరుద్యోగికి 81. ఇంటిపనులే చేసుకునే మనిషికి 92. చదువుకున్న అమ్మాయి 91 నుంచి 81కి వస్తుంది. కొన్నేళ్లు వెతికి ఆగిపోతే 92లోకి జారుతుంది. ఆ క్షణాన ఆమె నిరుద్యోగుల లెక్కలోంచి పోతుంది. నిరుద్యోగిత శాతం ఆ మేరకు తగ్గి కనిపిస్తుంది. ఆమెను ఎవరూ పనిలోంచి తీసేయలేదు, ఆమే పని కోరుకోవడం లేదు అని ఆ లెక్క చదివినవాళ్లు అనుకుంటారు.

అయితే ఇక వెతకొద్దని చెబుదామా? ఆ సలహా ఇవ్వడానికి నాకు నోరు రాదు. ఆడపిల్లకు జీతం ఉంటే ఇంట్లో ఆమె మాట బరువు మారుతుందని, ఒక దెబ్బ తిన్నాక బయటికి నడిచే దారి ఉంటుందని మనకందరికీ తెలుసు. అందుకే ఆశను, హక్కును విడదీసి చూడాలంటాను. ఆశ ఒక భావన, అది రోజూ ఒకే తీరుగా ఉండదు, ఉండాలని ఎవరూ శాసించలేరు. పని కావాలనడం హక్కు. ఆశ లేని రోజున కూడా ఆ హక్కు చెక్కుచెదరదు. ఒక అమ్మాయి గ్రూప్స్ క్యూలోంచి పక్కకు జరిగి బట్టల షాపులో అకౌంట్లు రాసుకుంటే, కుట్టుపని పెట్టుకుంటే, ఏడాది పాటు ఏమీ చేయకుండా ఊపిరి పీల్చుకుంటే ఆమె ఓడిపోయినట్టు కాదు. రెండేళ్ల తర్వాత మళ్లీ దరఖాస్తు పెడితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన అవసరమూ లేదు.

మరి ఆశను నిలబెట్టే బాధ్యత ఎవరిది? ఆశ పెట్టుకోదగ్గ పరిస్థితిని తయారుచేయగలిగిన వాళ్లది. చెప్పిన తేదీకి పరీక్ష పెట్టాల్సిన ప్రభుత్వానిది మొదట. తర్వాత, జీతం అందుకుంటున్న మనది. మనలో చాలామందిమి సెలక్షన్ కమిటీల్లో కూర్చుంటాం, సిఫారసు లేఖలు రాస్తాం, పరిశోధకులకు గైడ్‌గా ఉంటాం. ఎంపిక కాని అభ్యర్థికి కాలేదని ఒక్క వాక్యం రాయగలం. ముందే మనిషిని అనుకుని పిలిచే ఇంటర్వ్యూలో సంతకం చేయకుండా ఉండగలం. ఇంటర్వ్యూలో పెళ్లి ప్రశ్న వస్తే అక్కడే ఆపగలం. సర్టిఫికెట్లు బీరువాలో పెట్టడాన్ని మన కాలేజీలో ఒప్పుకోకుండా ఉండగలం. మన ఇంట్లో పరీక్షకు చదువుతున్న కోడలికో, చెల్లెలికో పొద్దున రెండు గంటలు, తలుపు గడియ ఉన్న గది ఇవ్వగలం.

ఈ పనులు చేయకుండా "ధైర్యం కోల్పోకు తల్లీ" అని చెప్పడం వల్ల మనకు కొంత ఊరట కలుగుతుందేమో గానీ ఆమెకు కలగదు. ఆమె అడగని ధైర్యం పంచడం మానేసి, ఆమె అడిగిన అనుభవ ధ్రువపత్రాన్ని ఈ వారంలోనే రాసిద్దాం.