మూడు మార్కుల ప్రశ్న

1968లో జెనీవాలో వెలసిన అంతర్జాతీయ బాకలారియేట్ సంస్థ, విశ్వవిద్యాలయంలో చేరబోయే విద్యార్థులకు ఒక డిప్లొమా నడుపుతోంది. అందులో ఆరు సబ్జెక్టులు. వాటితోపాటు అందరికీ ఉమ్మడిగా మూడు అంగాలు: జ్ఞాన సిద్ధాంతం, నాలుగు వేల మాటలకు మించని పరిశోధన వ్యాసం, సృజన–శారీరక కృషి–సేవ. మొత్తం 45 మార్కుల్లో మొదటి రెండు అంగాలకూ కలిపి దక్కేవి గరిష్ఠంగా మూడే. మూడో అంగానికి మార్కులే లేవు. కాని అది పూర్తిచేయనిదే డిప్లొమా రాదు.

మరి ఆరు సబ్జెక్టులనూ ఇవి కలిపేది ఎలా? ఏడో పాఠం చేర్చి కాదు. అన్నింటినీ ఒకే ప్రశ్న అడిగి. "ఇది నిజమని నీకెలా తెలుసు?" భౌతికశాస్త్రం ప్రయోగాన్ని చూపుతుంది, చరిత్ర పత్రాన్ని చూపుతుంది. సాహిత్యం ఏం చూపుతుంది?

ఒకసారి నేను 'కన్యాశుల్కం' చెబుతుండగా ఒక విద్యార్థి లేచి, "ఇలా నిజంగా జరిగేదా మాస్టారూ, నవ్వించడానికి పెంచి రాశారా?" అన్నాడు. "అది పరీక్షలో రాదు, కూర్చో" అన్నాను. జవాబు పుస్తకంలోనే ఉంది. 1897 నాటి తొలి ముద్రణకు రాసిన పీఠికలో గురజాడ లెక్క ఇచ్చారు: విశాఖపట్నం ప్రాంతంలో మూడేళ్లలో నమోదైన శుల్కవివాహాలు 1,034. పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవాళ్లు 99 మంది, ఏడాది పసికందులు ముగ్గురు.

సుబ్బి ఇంట్లో ఆ పెళ్లిమాట ఎంత కల్లోలం రేపిందో ఆ పట్టిక చెప్పలేదు. సుబ్బిలు ఎందరో నాటకం చెప్పలేదు. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడే, ఇది ఎందుకు జరిగింది, ఎవరికి లాభించింది అన్న ప్రశ్న పుడుతుంది. అది పుట్టాక ఊరికే కూర్చోవడం కష్టం. అంచేత సేవకు మార్కులు లేకపోవడమే న్యాయమంటాను. కర్తవ్యాన్ని మార్కులతో కొనకూడదు.

అయితే ఒక ప్రమాదముంది. కలిగినవారి బిడ్డ పేటకు వెళ్లి, పలకలు పంచి, ఆ అనుభవాన్ని నోటుబుక్కులో రాసుకుని వస్తే, పేటవాళ్లు అతని చదువుకు సరంజామా అవుతారు. "వీళ్లు పేదలెందుకయ్యారు? అది నీకెలా తెలుసు?" అని అక్కడా అడగకపోతే మూడు అంగాలూ కలవనట్టే.

ఈ చదువు మన దేశంలో చాలావరకు పెద్ద ఫీజులు కట్టగలవారిదే. ఆ అభ్యంతరం నాకూ ఉంది. కాని ఆ ప్రశ్నకు ఫీజు లేదు. నా తరగతిలో అది ఉచితంగానే లేచింది; కూర్చోబెట్టింది నేను. ఈ ఏడు పాఠం పీఠికతో మొదలుపెడతాను.